గుడ్డలో రోకలి

రోకలి చాప మీద అలాగే పడి ఉంది. దాన్ని తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

పక్కనే ఎర్రగుడ్డ. ఇందాక మా అన్న దాన్ని విప్పేదాకా అందులో మా ఇంటి తుపాకీ ఉందనే అందరం అనుకున్నాం. నాట్లకి ముందు తుపాకీకి గుడ్డ చుట్టి, పోయిన పెద్దలకి దీపం పెట్టే మూల నిలబెడతాం. మళ్ళీ కైల్‌పోళ్దు అనే ఆయుధాల పండగ రోజునే విప్పుతాం. మధ్యలో ఎవరూ ముట్టకూడదు. ముట్టలేదు కాబట్టే ఎవరికీ తెలియలేదు.

మా అన్న బిద్దప్ప పండగ కోటు నల్ల కుప్య తొడుక్కుని, నడుముకి ఎర్ర పట్టుగుడ్డ చేలె బిగించి, చేతిలో తోకుపువ్వులతో నిలబడి ఉన్నాడు. తుపాకీ గొట్టంలో గుచ్చాల్సిన పువ్వులవి. డెబ్బయ్యారేళ్ళ మనిషి, సైన్యంలో సుబేదారుగా దిగిపోయినవాడు, ఆ పువ్వుల్ని ఏం చెయ్యాలో తెలియక ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు.

లోయకి అవతల ఎవరింట్లోనో పూజ అయిపోయినట్టుంది. పండగ పందేనికి చెట్టుకి కట్టిన కొబ్బరికాయకి గురిపెట్టిన మొదటి దెబ్బ పేలింది.

"ఈ ఏడు మనం రోకలితో కొడదాం అన్నా," అన్నాడు ఉత్తయ్య. వరసకి మాకు తమ్ముడు, మా నాడు, అంటే ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటి, సంఘానికి కార్యదర్శి. పండగ భోజనానికి వచ్చాడు. "గురి తప్పే భయం ఉండదు."

ఎవరూ నవ్వలేదు. ఉత్తయ్య కూడా సగంలో ఆపేశాడు.

"ఎవరి పని ఇది?" అన్నాడు అన్న.

వంటింటి గుమ్మంలోకి దేచమ్మ వచ్చింది. అన్న కోడలు. చేతులకి బియ్యపు రవ్వ అంటుకుని ఉంది. దాన్ని తుడుచుకోకుండానే, "నేనే మావా," అంది.

"తుపాకీ ఏది?"

"ఠాణాలో ఉంది. భద్రంగా ఉంది. రశీదు నా దగ్గరుంది."

అన్న మొహం చూడలేక నేను దీపం వైపు చూశాను. దూలానికి వేలాడుతున్న, ఇంకా వెలిగించని తూగుదీపం.

"ఎప్పుడిచ్చావు?"

"నలభై రోజులైంది."

అన్న పెదాలు కదిలాయి. రోజులు లెక్కపెడుతున్నాడని నాకు తెలుసు. నలభై రోజుల లోపలే కదా సంఘం సమావేశం జరిగింది. పోయిన ఆదివారం అక్కడ బల్ల గుద్ది మాట్లాడాడు. మనవాళ్ళకి తాతల కాలం నుంచీ లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకునే హక్కుంది, దాన్ని కొత్త షరతులతో కోసెయ్యాలని చూస్తున్నారు, బుధవారం కలెక్టరు ముందు నేనే మాట్లాడతాను, మన తుపాకీ ఒక్కటి కూడా ఠాణా గడప తొక్కదు అని. ఆ మాట అనేటప్పటికే ఆయన తుపాకీ ఠాణా బీరువాలో ఉంది.

"ఆ రోజు నేను కొట్టిన చప్పట్లు వెనక్కిచ్చెయ్యన్నా," అన్నాడు ఉత్తయ్య. "అరిచేతులు రెండు రోజులు మండాయి."

"నువ్వు కాసేపు నోరు మూసుకో."

"నేను మూసుకుంటాను. ఎల్లుండి కలెక్టరాఫీసులో ఎవరు మూసుకుంటారు? బిద్దప్ప గారి తుపాకీయే బిద్దప్ప గారి కోడలు తెచ్చిచ్చిందట అంటే నేనేం చెప్పను?"

అన్న పువ్వుల్ని చాప మీద పెట్టాడు. రోకలికి దూరంగా పెట్టాడు.

"దేచమ్మా. ఈ ఇంట్లో బిడ్డ పుడితే ఒక దెబ్బ. మనిషి పోతే రెండు దెబ్బలు. అది విని కొండ అవతలి వాళ్ళు కూడా బయల్దేరి వస్తారు. నీ పెళ్ళిలో ఆచారం ప్రకారం అరటిచెట్లు నరికినప్పుడు గాలిలో పేల్చింది కూడా ఆ తుపాకీయే. నీ చిన్నత్త పోయినప్పుడు..." నా వైపు చూసి ఆగాడు.

నా భార్య బొళ్ళమ్మ పోయి మూడేళ్ళు. ఆ రెండు దెబ్బలూ నేను కూడా విన్నాను. అంత దుఃఖంలోనూ, ఇక నేను ఎవరికీ నోటితో చెప్పక్కర్లేదన్న ఊరట కలిగింది. ఆ తుపాకీ మీద నాకు కోపం లేదు. ఈ సంగతి కూడా చెప్పాలి.

"దాన్ని చూసి గవర్నమెంటు భయపడలేదు, మనల్ని నమ్మింది," అన్నాడు అన్న. "మా తాత కాలం నుంచీ నమ్మింది. నువ్వు నమ్మలేదా?"

"నాకు తుపాకీ అంటే భయం లేదు మావా. పోయినేడు కొబ్బరికాయ పగలగొట్టింది ఎవరు?"

"నువ్వే."

"ఎన్నో దెబ్బకి?"

"రెండోదానికి," అన్నాడు ఉత్తయ్య, నోరు మూసుకోమన్న సంగతి మర్చిపోయి.

"మరి ఏనుగొస్తే? రశీదు చూపించి పొమ్మంటావా?" అన్నాడు అన్న.

"పదేళ్ళ నుంచీ ఏనుగులకి టపాసులే కాలుస్తున్నాం మావా. ఏనుగు మీద తుపాకీ ఎత్తితే జైలని మీకూ తెలుసు."

"అయితే ఎందుకిచ్చావు?"

 దేచమ్మ చూపు ఒక్క క్షణం భర్త మీదికి వెళ్ళి వెనక్కొచ్చింది. మొణ్ణప్ప స్తంభానికి ఆనుకుని నిలబడి, నల్ల కుప్య చేతి మడత విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉన్నాడు. ముప్పయ్యెనిమిదేళ్ళు. రెండేళ్ళ కిందటి వానల్లో మా తోట పైకొండ జారి కూలీల ఇల్లొకటి మట్టిలో కలిసిపోయింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయారు. ముందురోజు వాళ్ళు ఖాళీ చేస్తామంటే, ఇంకో రోజు చూద్దాం అన్నవాడు మొణ్ణప్ప. అప్పటి నుంచీ వాన మొదలైతే వాడి మాట ఆగిపోతుంది.

"కారణం ఉంది," అంది దేచమ్మ. "ఉత్తయ్య మావ ముందు చెప్పను. మీరు తిట్టినా చెప్పను."

"అంటే ఇంటి పెద్దకి కూడా చెప్పవా?"

"ఇంటి పెద్ద అడిగితే చెప్తాను. సంఘం పెద్ద అడిగితే చెప్పను."

ఆ మాటకి అన్న అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పెట్టెలోంచి లైసెన్సు మినహాయింపు పత్రం తీశాడు. తుపాకీ ఆయన పేరు మీద ఉంది. తిరిగి తీసుకునే హక్కు ఆయనకే.

"తుపాకీ వచ్చాకే దీపం. దీపం వెలిగాకే భోజనం. మొణ్ణప్పా, జీపు తియ్యి."

"పదండి," అంది దేచమ్మ. "నేనూ వస్తాను. మీరు ఇమ్మని అడగండి, నేను ఇవ్వద్దని అడుగుతాను."

* * *

వంటింట్లో కడంబుట్లు, బియ్యపు రవ్వ ఉండలు, ఆవిరి మీద ఉన్నాయి. పందికూర నిన్ననే వండి పెట్టింది. దేచమ్మ కడంబుట్లు నాలుగు తీసి అరిటాకులో చుడుతోంది. చెయ్యి కాలినా ఊదుకోలేదు.

"నువ్వైనా చెప్పొచ్చు కదా చిన్నమావా," అంది నా వైపు తిరగకుండా. "కాలేజీలో ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పావు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేకపోయావు."

 చూసింది నేను.

మా లెక్కలో వానలు ముదిరే కక్కడ నెల, మొదటి వారం. రోజూ పొద్దున్నే వానకొలత చూసి పుస్తకంలో రాసేది నేనే. ఆ రోజు నాలుగంగుళాల పైన పడింది. వాన కొలిచే గొట్టం దగ్గర్నుంచి వస్తూ, కాఫీ ఆరబోసే కళ్ళం పక్కన షెడ్డులో మొణ్ణప్పని చూశాను. ఎర్రగుడ్డ నేల మీద ఉంది. తుపాకీ ఒళ్ళో ఉంది. కక్కడ నెలలో ఆ గుడ్డ విప్పేవాడు మా వంశంలో ఎవడూ లేడు.

నాకు పెద్ద మాటలేవీ రాలేదు. "కాఫీ తాగుదాం రారా, చలిగా ఉంది," అన్నాను. వాడు లేచి వచ్చాడు. అంతే. ఆ రోజు వాడు లేచి రావడం కన్నా పెద్ద దయ నేను బతుకులో చూడలేదు. తుపాకీ మళ్ళీ గుడ్డలో చుట్టి మూలలో పెట్టి, దేచమ్మ ఒక్కదానికే చెప్పాను. రెండో రోజున ఆమె బస్సెక్కింది.

"అన్నకి చెబితే తట్టుకోలేడనుకున్నాను," అన్నాను.

"నేను తట్టుకోగలననుకున్నావు."

"నువ్వు తట్టుకున్నావు కదమ్మా."

"రోకలి గుడ్డలో చుట్టి పెట్టి, దానికి రోజూ దణ్ణం పెట్టాను. దాన్ని తట్టుకోవడం అంటారా?" అంది. నవ్వబోయి ఆగింది. గొంతు తగ్గించింది. "ఇంకోటుంది. తుపాకీ దొరికింది గాని తూటాల డబ్బా దొరకలేదు. అటక మీద ఉండే బిస్కెట్ల డబ్బా. ఐదు తూటాలు. నలభై రోజులుగా ఆయన పరుపు కింద, కోటు జేబుల్లో, జీపులో వెతుకుతున్నాను. ఆయనే దాచారేమో చిన్నమావా. ఇప్పుడు తుపాకీ కూడా వచ్చేస్తే?"

బయట జీపు హారన్ మోగింది.

* * *

 ఉత్తయ్యని ఇంటికి కాపలా ఉండమని అన్న గట్టిగా చెప్పాడు. పందికూరకి కాపలా అని ఉత్తయ్య సరిదిద్దాడు.

మొణ్ణప్ప నడుపుతున్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా ఏదో ఒక ఇంటి వైపు నుంచి తుపాకీ పేలుతోంది, వెంటనే కేకలు, నవ్వులు. ప్రతి దెబ్బకీ దేచమ్మ భర్త చేతుల వైపు చూస్తోంది. ఆ చేతులు స్టీరింగు మీద కదలకుండా ఉన్నాయి.

సగం దారిలో ఆమె అరిటాకు విప్పి ఒక కడంబుట్టు మొణ్ణప్పకి అందించింది. దీపం వెలిగేదాకా భోజనం లేదన్న మనిషి పక్కనే ఉన్నాడు. మొణ్ణప్ప ఒకసారి తండ్రి వైపు చూశాడు. అన్న మొహం అటు తిప్పి కాఫీ తోటని చూడటం మొదలుపెట్టాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు. మొణ్ణప్ప తినడం పూర్తయ్యేదాకా అలాగే చూశాడు.

ఠాణాలో పండగ రోజని ఇద్దరే ఉన్నారు. ఎస్.ఐ. మహాదేవి రాయచూరు వైపు అమ్మాయి. మా వానలకి ఇంకా అలవాటు పడలేదు, లోపల కూడా స్వెట్టరు వేసుకుని ఉంది. అన్నని చూడగానే లేచి నిలబడింది.

"కూర్చోండి సార్. మీరు వస్తారని తెలుసు. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదా అనుకున్నాను."

"నాకు తెలిస్తే కదమ్మా రావడానికి," అన్నాడు అన్న. "నా తుపాకీ నాకివ్వండి."

"ఇవ్వకండి మేడమ్," అంది దేచమ్మ.

మహాదేవి ఇద్దరినీ చూసింది. "పత్రం సారు పేరు మీద ఉంది. సారు అడిగితే నేను ఇవ్వాలి." బీరువా తాళం తీసి తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టింది. నూనె రాసి ఉంది. ఎవరు రాశారో అడగలేదు గాని, అన్న వేలితో తాకి చూసి తల ఊపాడు.

"రశీదులో తూటాలు లేవని రాసి ఉంది. ఎక్కడున్నాయి సార్?"

దేచమ్మ బల్ల అంచు పట్టుకుంది. నేను మొణ్ణప్పని చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

అన్న చేలె మడతలోకి చెయ్యి పెట్టాడు. రేకుడబ్బా తీసి తుపాకీ పక్కన పెట్టాడు. మూత మీద బిస్కెట్ల బొమ్మ వెలిసిపోయి ఉంది.

"ఐదూ ఉన్నాయి. చూసుకోండి."

"మీ దగ్గరా?" అంది దేచమ్మ.  "మీ దగ్గరెందుకున్నాయి?"

"నా దిండు కింద ఉండేవి."

"ఎప్పటి నుంచి?"

 అన్న నా వైపు తిరిగాడు. "పొద్దున్నే వాన కొలవడానికి ఇంట్లో నువ్వొక్కడివే లేస్తావనుకున్నావా అచ్చయ్యా? ఆ రోజు షెడ్డులో వాణ్ణి నేనూ చూశాను."

 నేను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను.

"తెలిసి కూడా నన్ను అందరి ముందూ నిలబెట్టి అడిగారా?" అంది దేచమ్మ. "తెలిసి కూడా మళ్ళీ ఇంటికి తీసుకుపోతామని వచ్చారా?"

"ఇంటి సంగతి ఇంట్లో చూసుకుంటారు. తుపాకీ మూలలో ఉంటుంది, తూటా నా దగ్గర ఉంటుంది. దీనికి ఠాణా ఎందుకు, రశీదు ఎందుకు? మన పిల్లవాణ్ణి మనం కాచుకోలేమని ఊరంతా చెప్పుకోవాలా?"

"మీరు నిద్రపోతే ఎవరు కాస్తారు మావా?"

"ఈ నలభై రాత్రులూ నేను నిద్రపోయానని నీకెవరు చెప్పారమ్మా?"

 లోపలి గదిలో కానిస్టేబుల్ రేడియో కట్టేశాడు. మంచివాడు.

మహాదేవి ఒక కాగితం తీసి అన్న ముందుకి జరిపింది. "ఇక్కడ సంతకం పెడితే తుపాకీ మీదే. దాని పైనున్న ప్రశ్నకి ముందు జవాబు రాయండి. ఆ ప్రశ్న నేనే చేర్చాను."

అన్న కళ్ళద్దాలు పెట్టుకుని పైకే చదివాడు. "ఈ తుపాకీ ఇంట్లో ఉంటే ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందా? ఉంది. లేదు." తలెత్తాడు. "చట్టంలో ఉందా ఇది?"

"లేదు సార్."

"నేను జవాబు రాయకపోతే?"

"తుపాకీ ఇచ్చేస్తాను. మీ హక్కు. అడగకుండా మాత్రం ఇవ్వను. ఇంతకు ముందు పనిచేసిన చోట ఒకరి దగ్గర అడగలేదు." 

అన్న కలం తీశాడు. 'లేదు' అన్న మాట మీదికి తెచ్చాడు. అక్కడే ఆగింది.   కదలడం మానేసింది, అంతే.

"ఇలా ఇవ్వండప్పా," అన్నాడు మొణ్ణప్ప.

ఇంట్లోంచి బయల్దేరాక వాడు నోరు విప్పడం అదే మొదటిసారి. ఆ మాటకొస్తే ఈ వానాకాలంలోనే మొదటిసారి.

"నువ్వు జీపు దగ్గరికి వెళ్ళు," అన్నాడు అన్న.

"వెళ్ళను. ఈమె తుపాకీ దాచింది. మీరు తూటాలు దాచారు. అచ్చయ్య చిన్నప్ప మాట దాచాడు. ఒకే ఇంట్లో ముగ్గురు కాపలాదార్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు." గొంతు పెరిగింది. రెండేళ్ళ తర్వాత వాడి గొంతులో కోపం విన్నాను. నాకు భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. "ఈ అమ్మాయి అడుగుతోంది. ఆ ప్రశ్న నాది. జవాబు నేను రాస్తాను."

తండ్రి వేళ్ళ మధ్య నుంచి కలం తీసుకున్నాడు. అన్న ఇచ్చేశాడు. కానీ వెంటనే అరిచెయ్యి తెచ్చి కాగితం మీద బోర్లా పెట్టాడు.

"ఆలోచించుకో మొణ్ణప్పా. నువ్వు రాసింది ఎల్లుండి కలెక్టరు బల్ల మీద ఉంటుంది. బిద్దప్ప కొడుకే ఒప్పుకున్నాడంటారు. నీ ఒక్కడి మాట పట్టుకుని నాడులో ప్రతి ఇంటి తుపాకీకి తాళం వేస్తారు. తాతలనాటి నమ్మకం నీ చేత్తో కొట్టేసినట్టవుతుంది."

"పోనీ ఎల్లుండి నన్ను కూడా తీసుకెళ్ళండి. మీ పక్కనే నిలబడతాను. హక్కు ఉండాలని మీరు చెప్పండి. అడిగే మనిషి కూడా ఒకరుండాలని నేను చెప్తాను."

"సంఘం వాళ్ళ ముందా?"

"సంఘం వాళ్ళ ముందే. ఉత్తయ్య చిన్నప్పని చప్పట్లు కొట్టమనండి."

దేచమ్మ అరిటాకు పొట్లం ఒళ్ళో పెట్టుకుని వాడినే చూస్తోంది. ఏడవడం లేదు. మహాదేవి కుర్చీ వెనక్కి జరుపుకుని కిటికీ వైపు తిరిగింది, మాకు చోటు ఇవ్వడానికి.

దూరంగా ఎవరింట్లోనో ఇంకో కొబ్బరికాయ పగిలింది. కేకలు ఠాణా దాకా వినిపించాయి.

"చెయ్యి తియ్యండప్పా," అన్నాడు మొణ్ణప్ప.

అన్న చెయ్యి కాగితం మీంచి లేవలేదు. మొణ్ణప్ప కలం కింద పెట్టలేదు.